తుపాకీ పేలని పోరులో సూర్యాపేట సైనికుడు

సూర్యాపేటలో కోర్టు చౌరస్తా అని పెద్దలు పిలిచే కూడలికి 2021 జూన్ 15న మరో పేరు వచ్చింది. ఆ రోజు అక్కడ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహాన్ని అప్పటి రాష్ట్ర మంత్రి కె.టి. రామారావు ఆవిష్కరించారు. కూడలికి సంతోష్‌బాబు పేరు పెట్టారు. సరిగ్గా దానికి ఏడాది ముందు, అదే తేదీన, దేశానికి ఉత్తరపు కొసన ఉన్న లడఖ్ కొండల్లో చైనా సైనికులతో ముఖాముఖి పోరాడుతూ ఆయన ప్రాణాలు విడిచారు.

జిల్లాలో ఆయన పేరు తెలియనివారు అరుదు. గాల్వాన్ అన్న మాటా అందరూ విన్నదే. ప్రభుత్వం ఎన్ని కోట్లు ఇచ్చిందో, ఇంటిస్థలం ఎక్కడ ఇచ్చిందో కూడా చాలామంది తడుముకోకుండా చెప్పగలరు. కాని ఆ రాత్రి ఆయన చేసిన పని ఏమిటని అడిగితే, చైనావాళ్లతో కొట్లాడి చనిపోయాడన్న ఒక్క ముక్కతో మాట ఆగిపోతుంది. ఆయన చేసినదానికి ఆ ఒక్క ముక్క చాలదు. చేతిలో ఆయుధం ఉండీ పేల్చకుండా, తగిలిన దెబ్బలకు వెనక్కి తగ్గకుండా, తన వెంట వచ్చిన జవాన్లను చెదరనివ్వకుండా నిలబడిన ఆఫీసరు కథ అది. విగ్రహానికి దండ వేసే ముందు తెలుసుకోవలసింది ఈ కథే.

హద్దురాయి లేని గట్టు

గాల్వాన్ అన్నది ఒక నది. తూర్పు లడఖ్‌లో అక్సాయ్‌చిన్ వైపు నుంచి పడమరకు పారి శ్యోక్ నదిలో కలుస్తుంది. 19వ శతాబ్దం చివరి రోజుల్లో విదేశీ యాత్రికులకు ఆ కొండదారులు చూపించిన గులాం రసూల్ గాల్వాన్ అనే లడఖీ పేరే ఆ నదికి వచ్చింది. ఆ లోయ సముద్రమట్టానికి సుమారు 14 వేల అడుగుల ఎత్తున ఉంటుంది. చుట్టూ నిటారు రాతి కొండలు. అంత ఎత్తున గాలి పలచన. కొత్తగా వెళ్లినవాడు నాలుగడుగులు వేగంగా వేస్తే ఆయాసం ముంచుకొస్తుంది.

జూన్ నడుమ అంటే మన దగ్గర మృగశిర కార్తె. తొలకరి పడుతుందా లేదా అని రైతు ఆకాశం వంక చూస్తూ పత్తి గింజలు సిద్ధం చేసుకునే కాలం. అక్కడ అదే రోజుల్లో రాత్రి పడితే నీరు గడ్డకట్టే చలి. నదిలో పారేది అప్పుడే కరిగిన మంచు. మూసీలో దిగినట్లు ఆ నీళ్లలో దిగడం కుదరదు. పడినవాణ్ని వెంటనే బయటికి లాగకపోతే చలే చంపేస్తుంది. ఆ రాత్రి పోయిన ప్రాణాలలో చలికి పోయినవి ఎన్నో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

భారత్, చైనాల మధ్య అక్కడ ఉన్నది ఇరువురూ ఒప్పుకుని గీసుకున్న సరిహద్దు కాదు. వాస్తవాధీన రేఖ అంటారు. రెండు చేల మధ్య హద్దురాయి పాతని గట్టు ఎలాంటిదో పల్లెల్లో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. గట్టు ఇదని ఒకరంటారు, కాదు అదని మరొకరంటారు. ఒకడు నాగలి ఒక సాలు ముందుకు జరిపితే తగవు మొదలు. 1962 జూలైలో చైనా సేనలు ఇదే లోయలో ఉన్న భారత స్థావరాన్ని చుట్టుముట్టాయి. అదే ఏడాది అక్టోబరు 20న, యుద్ధం మొదలైన రోజునే, దానిపై దాడి జరిగింది.

ఇప్పుడు ఆ లోయకు అంత పట్టింపు రావడానికి కారణం ఒక రోడ్డు. దార్బుక్ నుంచి శ్యోక్ మీదుగా దౌలత్ బేగ్ ఓల్డీ వరకు భారత ప్రభుత్వం వేసిన 255 కిలోమీటర్ల రోడ్డు 2019లో పూర్తయింది. ఉత్తరాన కారకోరం కనుమ దగ్గర కాపలా ఉన్న మన సైన్యానికి సరుకులు, మందుగుండు, మనుషులు చేరేది ఆ దారినే. గాల్వాన్, శ్యోక్ కలిసేచోటికి దగ్గరగానే ఆ రోడ్డు పోతుంది. పక్కనున్న కొండ ఎవరి చేతిలో ఉంటే, రోడ్డు మీద పోయే ప్రతి బండీ వారి కంటికి కనిపిస్తుంది.

ఇంకొక సంగతి చెప్పుకోకపోతే తర్వాత కథ అర్థం కాదు. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ కాల్పులు జరపరాదని రెండు దేశాలూ 1996లో ఒప్పందం చేసుకున్నాయి. 2005లో మరో ఒప్పందం కుదిరింది. 1975 అక్టోబరులో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర అస్సాం రైఫిల్స్ జవాన్లు నలుగురు చైనా తూటాలకు చనిపోయిన తర్వాత, 45 ఏళ్లపాటు ఆ రేఖ మీద ఇరుసేనల ఘర్షణలో ఒక్క ప్రాణం పోలేదు. తోసుకోవడాలు, అరుచుకోవడాలు, బ్యానర్లు పట్టుకుని వెళ్లిపొమ్మనడాలు మాత్రం అడపాదడపా జరుగుతూనే వచ్చాయి.

ఆ రాత్రి

2020 వేసవిలో ఆ కట్టుబాటు సడలింది. మే నెల మొదట్లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున ఇరుసేనలూ కలబడ్డాయి. చైనా పలుచోట్ల పెద్దఎత్తున సైన్యాన్ని తెచ్చి దించింది. గాల్వాన్‌లో గస్తీ పాయింటు 14 అని పిలిచే చోటు దగ్గర కూడా అదే జరిగింది. జూన్ 6న చుషూల్‌కు ఎదురుగా ఉన్న మోల్డోలో ఇరుపక్షాల సైనికాధికారులు సమావేశమై, ఎదురెదురుగా నిలిచిన దళాలు వెనక్కి తగ్గాలని అంగీకారానికి వచ్చారు. ఆ తర్వాత కూడా గాల్వాన్‌లో రేఖకు మనవైపున చైనావారు ఒక కట్టడం నిలపబోయారని, అదే గొడవకు మూలమని భారత ప్రభుత్వం ప్రకటించింది.

అక్కడ బాధ్యత వహిస్తున్నది బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్. దాని కమాండింగ్ ఆఫీసరు సంతోష్‌బాబు. ఆ పదవిలోకి ఆయన వచ్చింది 2019 డిసెంబరులో. పట్టుమని ఏడు నెలలు కూడా నిండలేదు.

జూన్ 15 సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేవరకు జరిగినదాన్ని గురించి పత్రికల్లో, పుస్తకాల్లో చాలా కథనాలు వచ్చాయి. అవన్నీ ఒకదానితో ఒకటి కలవవు. ఎవరు ముందు తోశారు, ఏ డేరా ఎప్పుడు తగలబడింది అన్న వాటిపై తలొకరూ తలొక మాట రాశారు. వాటిలో ఇది నిజం, ఇది కాదు అని తేల్చే బదులు, రాష్ట్రపతి పతకం ఇచ్చినప్పుడు చదివిన ప్రశంసాపత్రంలోని మాటలకు కట్టుబడడం మేలు.

ఆ పత్రం చెప్పేది ఇది. శత్రువుకు ఎదురుగా ఒక పరిశీలన స్థావరం ఏర్పాటు చేయవలసిన పని సంతోష్‌బాబుకు అప్పగించారు. ఆయన తన మనుషులను కూడగట్టి, పరిస్థితి వివరించి, పథకం ప్రకారం ఆ పని పూర్తి చేశారు. ఆ చోటును నిలబెట్టుకునే సమయంలో శత్రుసైనికులు చాలా పెద్ద సంఖ్యలో మీదపడ్డారు. పదునైన, ప్రాణాంతకమైన ఆయుధాలతో కొట్టారు. పక్కనున్న ఎత్తుల మీద నుంచి రాళ్లవాన కురిపించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. భారత దళాన్ని నెట్టివేయాలన్న ప్రయత్నాన్ని అడ్డుకుంటూనే ఉన్నారు. తీవ్రంగా గాయపడ్డారు. గాయపడ్డాక కూడా ముందు వరసలోనే ఉండి దళాన్ని నడిపారు. చేతులు కలిపిన పోరులో తుదిశ్వాస దాకా ఎదిరించారు. ఆయనను చూసి జవాన్లు ఆ చోటు వదలలేదు.

ప్రశంసాపత్రాల భాష ఎప్పుడూ గంభీరంగానే ఉంటుంది. చదివినవారికి కొన్ని సంగతులు అందులో కనబడకుండా జారిపోతాయి. ఒక బెటాలియన్ అంటే సుమారు 800 మంది. దాని అధిపతి ప్రతి పనికీ తానే ముందు నడవాలన్న నియమం లేదు. కింద మేజర్లు ఉంటారు, కెప్టెన్లు ఉంటారు, అనుభవం పండిన సుబేదార్లు ఉంటారు. వారిలో ఒకరిని పంపి తాను వెనక ఉండి రేడియోలో ఆదేశాలిచ్చినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన అలా చేయలేదు. ఒప్పందం ప్రకారం తుపాకీ పేల్చకూడని చోట, ఏ క్షణమైనా పరిస్థితి చేయి దాటగల చోట, పెద్దవాడు ముందుంటే పిల్లలు నిబ్బరంగా ఉంటారని ఆయన లెక్క కాబోలు. ఊళ్లో తగవు ముదిరినప్పుడు ఇంటి పెద్ద తానే కదిలి వెళ్లడం మనకు కొత్త కాదు.

ఆయుధాలుండీ ఎందుకు పేల్చలేదని అప్పట్లో దేశమంతా అడిగారు. సరిహద్దు విధుల్లో ఉన్నవారు ఎప్పుడూ ఆయుధాలు వెంట ఉంచుకుంటారని, ఆ రోజు కూడా ఉంచుకున్నారని, అయితే 1996, 2005 ఒప్పందాల ప్రకారం ముఖాముఖి సందర్భాల్లో వాటిని వాడకపోవడం చిరకాలంగా వస్తున్న ఆచారమని విదేశాంగ మంత్రి జూన్ 18న సమాధానమిచ్చారు. మేకులు దిగ్గొట్టిన కర్రలతో, ఇనుప కడ్డీలతో కొడుతున్నవాళ్ల ముందు కూడా ఒప్పందాన్ని పట్టుకు వేలాడాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. అవతలివాడు కాలరాసిన మాటను ఇవతలివాడు ఒక్కడే నిలబెట్టుకుంటే ప్రాణాలు పోతాయని ఆ రాత్రే రుజువైంది. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఢిల్లీ. చీకట్లో రాళ్లదెబ్బల మధ్య నిలబడిన ఆఫీసరు కాదు. ఆయన తనకున్న ఆదేశం లోపల చేయగలిగినదంతా చేశారు. తర్వాత, అసాధారణ పరిస్థితుల్లో నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ అక్కడి కమాండర్లకు ఇచ్చినట్లు వార్తలు వచ్చాయి. అదే సెప్టెంబరులో పాంగాంగ్ దక్షిణ తీరాన హెచ్చరికగా తూటాలు పేలాయి కూడా.

ఇరవై ఇళ్లు

జూన్ 16 మధ్యాహ్నం సైన్యం చేసిన మొదటి ప్రకటనలో ఒక ఆఫీసరు, ఇద్దరు జవాన్లు మరణించారని మాత్రమే ఉంది. రాత్రికి లెక్క మారింది. తీవ్రంగా గాయపడి, ఆ ఎత్తున గడ్డకట్టే చలికి గురైన మరో 17 మంది కన్నుమూశారని ప్రకటించారు. మొత్తం ఇరవై మంది. చైనా తన వైపు నష్టం గురించి ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. 2021 ఫిబ్రవరిలో, తమవారు నలుగురు మరణించారని ఒప్పుకుంది. వారి లెక్క అది.

ఇరవై మందిలో తెలుగువాడు సంతోష్‌బాబు ఒక్కరే. మిగిలినవారు బీహార్, జార్ఖండ్, పంజాబ్, ఒడిశా, మధ్యప్రదేశ్, తమిళనాడు వంటి రాష్ట్రాల పల్లెల నుంచి వచ్చినవారు. ఎక్కువమంది రైతుబిడ్డలు. సూర్యాపేట కుర్రవాడు బీహార్ రెజిమెంటుకు అధిపతి ఏమిటని కొందరికి సందేహం రావచ్చు. రెజిమెంటు పేరు జవాన్లను ఎక్కువగా ఏ ప్రాంతం నుంచి తీసుకుంటారో చెబుతుంది. ఆఫీసరు ఏ రాష్ట్రంవాడైనా కావచ్చు. వచ్చినవాడు ఆ జవాన్ల భాష నేర్చుకుంటాడు, వారి పండుగలు చేస్తాడు. జై బజరంగ్ బలీ అని, బిర్సా ముండా కీ జై అని వారి యుద్ధ నినాదం తానే ముందు ఎత్తుకుంటాడు.

ఆ రాత్రి పోరాడినవారిలో దీపక్ సింగ్ అనే నాయక్ గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. మధ్యప్రదేశ్‌లోని రీవా జిల్లావాడు. కొట్టడానికి వెళ్లినవాడు కాదు, కట్టు కట్టడానికి వెళ్లినవాడు. సైనిక వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటు. 16 బీహార్‌కు తోడుగా పంపారు. రాళ్లు తగిలి తనకే గాయాలైనా, చీకట్లో పడిపోయినవారిని వెతికి వెతికి ముప్పై మందికి పైగా జవాన్లకు చికిత్స చేసి ప్రాణాలు నిలిపాడని ఆయన ప్రశంసాపత్రం చెబుతోంది. చివరకు తాను మిగలలేదు. ఒడిశాకు చెందిన నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్, తమిళనాడు రామనాథపురం జిల్లాకు చెందిన హవల్దార్ పళని, పంజాబుకు చెందిన సిపాయి గుర్‌తేజ్ సింగ్‌లకు, దీపక్ సింగ్‌కు మరణానంతరం వీరచక్ర ఇచ్చారు. ఆ రాత్రి పోరాడి బతికి బయటపడిన హవల్దార్ తేజిందర్ సింగ్‌కు కూడా వీరచక్ర దక్కింది.

తండ్రి తీరని కోరిక

సంతోష్‌బాబు తండ్రి బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యంలో చేరాలనుకున్నా వీలుపడలేదని, అందుకే కొడుకును ఆ దారిన పెట్టానని ఆయన ఆ దుఃఖ సమయంలోనే పత్రికలవారితో చెప్పారు. పిల్లవాడిని విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చేర్పించారు. సూర్యాపేట నుంచి కోరుకొండ అంటే నల్లగొండ సీమ దాటి, గోదావరి దాటి కళింగాంధ్ర దాకా పోవాలి. పదేళ్లు దాటీ దాటని పిల్లవాడిని అంత దూరం పంపి తలుపు వేసుకున్న తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉంటుందా? ఊళ్లో బడి ఉండగా ఇదేం పని అని బంధువులు అనకుండా ఉన్నారా? సైనిక పాఠశాలకు పిల్లల్ని పంపిన ఏ ఇంట్లో అడిగినా ఈ మాటలు వినబడతాయి.

అక్కడినుంచి ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ, డెహ్రాడూన్‌లోని సైనిక అకాడమీ. 2004 డిసెంబరులో 16 బీహార్‌లో ఆఫీసరుగా చేరారు. మొదట పనిచేసింది జమ్మూ కాశ్మీర్‌లో. పదహారేళ్లు తిరక్కముందే, తాను తొలిసారి అడుగుపెట్టిన అదే బెటాలియన్‌కు అధిపతి అయ్యారు. సైన్యంలో ఇది చిన్న గౌరవం కాదు. తనకు పని నేర్పిన సుబేదార్లు, తనతోపాటు మంచులో గస్తీ తిరిగిన జవాన్లు ఉన్న పలటానికి పెద్దదిక్కు కావడం అది.

హైదరాబాదుకు బదిలీ కావలసి ఉందని, కరోనా లాక్‌డౌన్, సరిహద్దు ఉద్రిక్తతల వల్ల అది వెనక్కి పోయిందని కుటుంబసభ్యులు చెప్పారు. ఇంటికి దగ్గరగా వస్తాడని ఎదురుచూస్తున్న రోజులవి. ఒక్కగానొక్క కొడుకు. తల్లిగా గుండె పగిలినా, దేశం కోసం ప్రాణమిచ్చిన కొడుకును చూసి గర్వపడుతున్నానని ఆ తల్లి కన్నీళ్ల మధ్య అన్న మాటలు మర్నాడు రాష్ట్రమంతా విన్నది.

జూన్ 17 సాయంత్రం భౌతికకాయం విమానంలో హకీంపేట వైమానిక స్థావరానికి చేరింది. గవర్నరు, మంత్రులు అక్కడ నివాళులర్పించారు. రోడ్డుమార్గాన సూర్యాపేట చేరేసరికి బాగా పొద్దుపోయింది. మర్నాడు అంతిమయాత్ర. కరోనా భయంతో ఇంట్లోంచి కాలు బయటపెట్టని రోజుల్లో జనం మూతికి గుడ్డ కట్టుకుని దారి పొడవునా బారులు తీరారు. మేడల మీద నుంచి పూలు చల్లారు. పట్టణానికి సమీపంలోని కేసారంలో, కుటుంబానికి చెందిన భూమిలో, సైనిక లాంఛనాలతో దహన సంస్కారాలు జరిగాయి. మృగశిరలో దుక్కి దున్నవలసిన నేల మీద చితి పేర్చారు.

ఏ చక్రం ఎందుకు

2020 జూన్ 22న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు సూర్యాపేట వచ్చి కుటుంబాన్ని పరామర్శించారు. అయిదు కోట్ల రూపాయలు, హైదరాబాదు బంజారాహిల్స్‌లో 711 గజాల స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చారు. అయిదు కోట్లలో ఒక కోటి తల్లిదండ్రులకు, నాలుగు కోట్లు భార్యకు. కోడలికి వచ్చింది కోడలికే చేరి, ముసలి తల్లిదండ్రులు చూస్తూ ఊరుకోవలసి వచ్చే సందర్భాలు మనం ఎరుగుదుం. అటువంటి చిక్కు లేకుండా మొదటనే విడివిడిగా ఇవ్వడం మంచి పని.

2021 జనవరి 25న ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. అదే ఏడాది నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా తల్లి, భార్య దాన్ని అందుకున్నారు. అయితే ప్రకటన వెలువడ్డాక తండ్రి, తనకు నూటికి నూరుపాళ్లు తృప్తి లేదని, కొడుకు చేసినదానికి ఇంతకంటే పెద్ద గౌరవం దక్కవలసిందని బాహాటంగానే చెప్పారు. ఆయన మనసులో ఉన్నది పరమవీరచక్ర. ఆ మాట జిల్లాలో ఇప్పటికీ చర్చకు వస్తూనే ఉంటుంది.

పరమవీరచక్ర దేశంలో అన్నిటికన్నా పెద్ద యుద్ధ పతకం. 1947 నుంచి ఇప్పటివరకు అది 21 మందికే దక్కింది. మహావీరచక్ర దాని తర్వాతది. వీరచక్ర మూడోది. ఈ మూడూ శత్రువుకు ఎదురుగా నిలిచి చూపిన శౌర్యానికి ఇచ్చేవి. శత్రువుతో నేరుగా యుద్ధం కాని సందర్భాల్లో చూపిన సాహసానికి అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర వేరే ఉన్నాయి. ఒక్క తూటా పేలని ఘటనను ప్రభుత్వం ఏ వరసలో పెడుతుందోనని అప్పట్లో సైనిక వ్యవహారాలు తెలిసినవారు గమనిస్తూ ఉన్నారు. మహావీరచక్ర, వీరచక్రలు ఇవ్వడంతో సంగతి తేటతెల్లమైంది. గాల్వాన్‌లో జరిగింది తోపులాట కాదు, శత్రువుతో పోరు అని రాజపత్రం సాక్షిగా రాసినట్లయింది. తండ్రి అసంతృప్తికి ఇది సమాధానం కాకపోవచ్చు. కొడుకును పోగొట్టుకున్నవాడు ఏ చక్రంతోనూ సమాధానపడడు. అడిగే హక్కు ఆయనకు ఉంది. కాని రెండో పతకం వచ్చిందని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక మిగిలిన పందొమ్మిది కుటుంబాల మాట. తెలంగాణ ప్రభుత్వం వారికి కూడా కుటుంబానికి పది లక్షల చొప్పున ప్రకటించింది. ప్రకటన 2020లో వచ్చినా, కొన్ని కుటుంబాలకు చెక్కులు చేరడానికి రెండేళ్లు పట్టింది. 2022 మార్చిలో రాంచీలో జార్ఖండ్ వీరుల కుటుంబాలకు, మే నెలలో చండీగఢ్‌లో పంజాబ్ వారికి, ఆగస్టు చివర పాట్నాలో బీహార్ వారికి ముఖ్యమంత్రే స్వయంగా వెళ్లి అందజేశారు. ఆ పర్యటనల వెనక రాజకీయం ఉందని అప్పట్లో విమర్శలు వచ్చాయి; ఉండే ఉంటుంది. అయినా సూర్యాపేట వాడి వెంట నిలబడి చనిపోయిన జార్ఖండ్ కుర్రవాడి ఇంటికి తెలంగాణ నుంచి కబురు వెళ్లడం చిన్న విషయమేమీ కాదు.

2020 జూలైలో ఇరుసేనలూ గస్తీ పాయింటు 14 నుంచి వెనక్కి జరిగాయి. తూర్పు లడఖ్‌లో మిగిలిన చోట్ల తగవు ఏళ్లు సాగింది. దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల గస్తీపై 2024 అక్టోబరులో గాని అవగాహన కుదరలేదు. దౌలత్ బేగ్ ఓల్డీ రోడ్డు మీద, 120వ కిలోమీటరు స్థావరం దగ్గర, అదే 2020 అక్టోబరుకల్లా సైన్యం ఇరవై పేర్లతో ఒక స్మారకం కట్టింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద కూడా ఆ పేర్లు చెక్కారు.

సంతోష్‌బాబు భార్య ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగంలో చేరి డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ పిల్లల్ని పెంచుకుంటున్నారు. ఆ రాత్రి ముప్పై మందికి కట్లు కట్టి తాను మిగలని దీపక్ సింగ్ భార్య సైన్యంలో చేరాలని నిశ్చయించుకున్నారు. పరీక్ష రాసి నెగ్గి, చెన్నైలోని శిక్షణ అకాడమీలో శిక్షణ ముగించుకుని 2023లో లెఫ్టినెంటుగా బయటికి వచ్చారు. ఆమెకు ఇచ్చిన తొలి పోస్టింగు తూర్పు లడఖ్.